లివరు చెప్పేది ఎత్తు, బలం కాదు

చిన్న ట్రాక్టరు కొనబోయేవాళ్లు ముందు హెచ్‌పీ ఎంతని అడుగుతారు, తర్వాత డీజిల్ ఎంత తాగుతుందని, ఆ తర్వాత హైడ్రాలిక్ ఎంత లేపుతుందని. మహీంద్రా జీవో 245కు కంపెనీ చెప్పే అంకె 750 కిలోలు. జహీరాబాద్‌లో తయారయ్యే ఓజా బండ్లకు 950 కిలోలు. ఇంత చిన్న బండికి ఇవి ఘనమైన అంకెలే. కాకపోతే నెల్లూరు దగ్గరి మైపాడు పొలంలో ఆ 750 కిలోలూ లేపే రోజు రాదు. అంతకు చాలా ముందే బండి ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి.

ఏ కంపెనీదీ కాని ఒక నమూనా బండిని తీసుకుని లెక్క వేద్దాం. బరువు 850 కిలోలు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 1.5 మీటర్లు. బరువులో 40 శాతం, అంటే 340 కిలోలు, ముందు ఇరుసు మీద ఉంది. వెనక తగిలించిన పనిముట్టు బరువంతా వెనక ఇరుసుకు 1.2 మీటర్ల అవతల వేలాడుతుందనుకుందాం. అప్పుడు వెనక లేపిన ప్రతి కిలోకూ ముందు ఇరుసు మీద 0.8 కిలో తగ్గుతుంది (1.2ని 1.5తో భాగిస్తే వచ్చేది అదే). ముందున్న 340 కిలోలు సున్నా కావడానికి వెనక 425 కిలోలు చాలు. నూనెకు ఇంకా 325 కిలోలు లేపే సత్తువ మిగిలే ఉంటుంది, స్టీరింగు మాత్రం అప్పటికే చేతిలో లేదు.

నాలుగడుగుల రోటవేటరు బరువు 220 కిలోలనుకోండి. లేపగానే ముందు 176 కిలోలు తగ్గి 164 మిగులుతాయి. బండి బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద ఉండాలన్నది ట్రాక్టర్లకు అందరూ పాటించే కొలత. మన బండికి అది 170. ఆరు కిలోల తేడాయే కదా అనిపిస్తుంది కానీ, గట్టు ఎక్కేటప్పుడు, రోడ్డు గుంటలో వెనక చక్రం పడి రోటవేటరు ఊగినప్పుడు ఆ 164 ఎంతకు పడిపోతుందో ఈ లెక్కలో లేదు. ముందు బంపరుకు, ఇరుసుకు అరమీటరు ముందుగా, 50 కిలోల బరువు బిళ్లలు తగిలిస్తే ముందు ఇరుసు మీద 67 కిలోలు పెరుగుతాయి. 164 కాస్తా 231 అవుతుంది, అంటే 27 శాతం. బిళ్లలు కొనడానికి మనసొప్పక బంపరు మీద మనిషిని కూర్చోబెట్టేవాళ్లూ ఉన్నారు. జారితే ఆ మనిషి పడేది ముందు చక్రం కిందే.

మరి ఆ 750 ఎక్కడిది? పనిముట్టును మోసే కింది రెండు లింకుల చివర్ల దగ్గర కొలిచింది. మన దేశంలో ట్రాక్టర్లను పరీక్షించే ప్రధాన కేంద్రం మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉంది. (దానికి తోబుట్టువు లాంటి దక్షిణాది సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది.) పరీక్షలో రెండు చోట్ల కొలుస్తారు: ఒకటి లింకుల చివర, రెండోది అక్కడి నుంచి 610 మిల్లీమీటర్లు వెనక్కి. నిజమైన పనిముట్టు బరువు పడేది రెండో చోటికి దగ్గరగా. అమ్మకం కాగితం మీద సాధారణంగా మొదటి అంకే పెద్దగా కనిపిస్తుంది. కొనేవాళ్లు రెండోది అడగాలి.

నెల్లూరులో మైపాడు గేటు దగ్గర మొదలైన రోడ్డు పాతిక కిలోమీటర్లలో సముద్రం ఒడ్డుకు చేరుతుంది. ఆ పాతిక కిలోమీటర్లలో నేల రంగు మారుతూ వస్తుంది. ఇందుకూరుపేట వైపు పెన్న డెల్టా వరి మళ్లు, కాలికి అంటుకుంటే వదలని జిగట నేల. బకింగ్‌హాం కాలువ దగ్గరపడే కొద్దీ రొయ్యల గుంటలు, చౌడు. ఇంకా తూర్పుకు పోతే ఇసుక, సరుగుడు తోటలు. రబీకి దమ్ము, ఎడగారుకు దమ్ము, పట్టుబడి అయిపోయి ఎండబెట్టిన గుంటలో అడుగు మట్టి దున్నడం, సరుగుడు వరసల మధ్య కలుపు తిప్పడం, ఇవీ ఇక్కడ చిన్న బండికి ఉండే పనులు. ఒకే బండి ఒకే వారంలో ఈ మూడు నేలల్లోకీ దిగుతుంది. సీటు పక్కనున్న లివర్ల సంగతి తెలుసుకోవాల్సింది అందుకే.

ముందు పనిముట్టును బండికి తగిలించే మూడు బిందువుల కొలతలు. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ భాగం మొదటి కేటగిరీవి. కింది లింకుల పిన్ను 22 మి.మీ., టాప్ లింకు పిన్ను 19 మి.మీ., కింది రెండు బిందువుల మధ్య ఎడం 683 మి.మీ., వాటికీ టాప్ లింకు బిందువుకూ మధ్య ఎత్తు 460 మి.మీ. పెద్ద బండ్ల రెండో కేటగిరీలో పిన్నులు 28, 25 మి.మీ. చిన్న బండికి వాడిన గొర్రును సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చి పెద్ద బండికి తగిలిస్తే కింద 6 మి.మీ. వదులు వస్తుంది. బుష్ వేయకుండా అలాగే నడిపితే మలుపు తిరిగినప్పుడల్లా పిన్ను కన్నాన్ని కొడుతుంది. ఉప్పుగాలికి ఇక్కడ పిన్నులు ఎలాగూ తుప్పు పడతాయి, తుప్పు రాలి వదులు ఇంకా పెరుగుతుంది. రోజూ దమ్ము దిగే బండికి సాయంత్రం మంచినీళ్లతో కడిగి బాల్ జాయింట్లకు గ్రీజు పెట్టడం సోకు పని కాదు.

ఈ మూడు బిందువుల అమరిక హ్యారీ ఫెర్గూసన్‌ది. ఐర్లండ్ మనిషి. మొదటి ప్రపంచ యుద్ధం నాడు, 1917లో, అక్కడి వ్యవసాయ బోర్డు ట్రాక్టర్ల పనితనం మెరుగుపరిచే పని ఆయనకు అప్పగించింది. అప్పట్లో నాగలిని బండి వెనక గొలుసుతో లాగేవాళ్లు. నాగలి వేరుకో రాయికో తట్టుకుంటే, తిరగడం మానని వెనక చక్రాల మీద బండి ముందు భాగం లేచి నడిపేవాడి మీదికే తిరగబడేది. నాగలిని బండికి ఒక భాగంగా బిగించెయ్యాలి, దాని బరువు చక్రాలకే పట్టు ఇవ్వాలి అన్నది ఫెర్గూసన్ ఆలోచన. 1925లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో కాగితం లేకుండా, చేతిలో చెయ్యేసి ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడు ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. 1946 నుంచి 1956 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆయన సొంత టీఈ20 బండ్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటి శక్తి ఎంతనుకున్నారు? 24 నుంచి 28 హెచ్‌పీ. ఇవాళ మనం మినీ ట్రాక్టరు అంటున్నది ఆ రోజుల్లో పూర్తి ట్రాక్టరు.

మన వైపు ఫెర్గూసన్ పేరు 'మాసీ'గా తెలుసు. 1953లో ఆయన కంపెనీ కెనడా మాసీ హారిస్‌తో కలిసింది, 1960లో మద్రాసులో పుట్టిన టాఫే ఆ బండ్లను ఇక్కడ చేసింది. నెల్లూరుకు అది పక్క ఊరి సరుకు కిందే లెక్క.

ఇక లివరు సంగతి. సీటు కింద వెనక పెట్టెలో ఒక సిలిండరు, అందులో పిస్టను. పిస్టను తోస్తే పై చేతులు లేస్తాయి, వాటికి వేలాడే కడ్డీలు కింది లింకుల్ని లేపుతాయి. సిలిండరు వెడల్పు 65 మి.మీ. అనుకుంటే పిస్టను ముఖం 33 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి 160 బార్ దాకా పోతే పిస్టను మీద పడే తోపు 5.4 టన్నులు. ఇంత తోపుతో 750 కిలోలే లేపుతుందేం అంటే, పిస్టను కదిలేది 9 సెంటీమీటర్లు, లింకు చివర కదలాల్సింది 55 సెంటీమీటర్లు. కదలిక ఆరు రెట్లు పెరిగింది కాబట్టి బలం ఆరో వంతుకు పడిపోతుంది. 5.4 టన్నుల్లో ఆరో వంతు సుమారు 890 కిలోలు, కీళ్ల రాపిడికి కొంత పోతుంది.

కింది నుంచి పైదాకా లేవడానికి కావలసిన నూనె మూడు వందల మిల్లీలీటర్లు. పంపు నిమిషానికి 15 లీటర్లు తోస్తుందనుకుంటే సెకనుకు 250 మి.లీ., అంటే 1.2 సెకన్లలో పని పూర్తి. ఇది ఇంజను పూర్తి వేగంలో, 2,600 ఆర్‌పీఎం దగ్గర. 800 దగ్గర పొగలు కక్కుతూ నిలబడ్డ బండిలో పంపు తోసేది 4.6 లీటర్లే. అప్పుడు అదే లేపడానికి దాదాపు 4 సెకన్లు. లిఫ్టు నెమ్మదించింది కానీ దాని బలం తగ్గలేదు. ఈ తేడా తెలియక ఎంతోమంది పంపు పోయిందని మెకానిక్కును పిలుస్తారు.

160 బార్ దగ్గర నిమిషానికి 15 లీటర్లు తోయడానికి ఇంజను నుంచి సుమారు 5.4 హెచ్‌పీ పోతుంది. 24 హెచ్‌పీ బండిలో ఐదో వంతుకు పైనే. పై చివర తట్టుకున్నాక కూడా లిఫ్టు ఆగకపోతే రిలీఫ్ వాల్వు కీచుమంటుంది. ఆ కీచులో కాలేదంతా డీజిలే.

ఇప్పుడు అసలు విషయం. జాకీ లివరు ఎన్నిసార్లు కొడితే అంత లేస్తుంది. పొజిషన్ కంట్రోల్ లివరు అలా కాదు. దాన్ని ఒక చోట పెడితే 'ఈ ఎత్తుకు రా' అని చెప్పినట్టు. లివరు కదపగానే కంట్రోలు వాల్వు తెరుచుకుని నూనె సిలిండరులోకి పోతుంది, చేతులు లేవడం మొదలవుతాయి. ఆ చేతులకే బిగించిన ఒక కామ్, ఒక కడ్డీ, అవి లేచేకొద్దీ వాల్వును వెనక్కి నెడుతుంటాయి. చెప్పిన ఎత్తుకు చేరేసరికి వాల్వు తనంతట తాను మూసుకుంటుంది. మేడ మీది నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు చేసే పని ఇదే, నీటిమట్టం బదులు ఇక్కడ చేతుల ఎత్తు. రోటవేటరు 150 కిలోలదైనా 220 కిలోలదైనా లివరుకు అక్కర్లేదు. కావలసిన ఒత్తిడి ఎంతో బరువే అడిగి తీసుకుంటుంది, లివరు పట్టించుకునేది ఎత్తునే.

లివరు కదిలే మేర 10 సెంటీమీటర్లు, లింకు చివర కదిలేది 55 అయితే, లివరు మీద ఒక సెంటీమీటరు నేల మీద ఐదున్నర. ఇక్కడొక చిన్న సంగతి గమనించాలి. లివరుకూ వాల్వుకూ మధ్య ఉన్న కడ్డీల కీళ్లు అరిగి 2 మి.మీ. వదులొస్తే లోతులో సెంటీమీటరుకు పైగా తేడా పడుతుంది. ఐదారేళ్ల బండిలో అది మామూలే. అలాంటి బండిలో ఎప్పుడూ ఒకే వైపు నుంచి లివరును గుర్తు దగ్గరికి తేవాలి, ఎక్కువ కిందికి దించి మళ్లీ పైకి తెస్తే అదే గుర్తు దగ్గర వేరే లోతు వస్తుంది. లివరు పక్కనున్న నాబును బిగిస్తే, మలుపు దగ్గర లేపి మళ్లీ దించినప్పుడు సరిగ్గా పాత చోటే ఆగుతుంది. రోటవేటరుకు పై వైపు కూడా ఒక హద్దు పెట్టుకోవాలి. దాన్ని తిప్పే పీటీఓ తిరుగుతుండగా మరీ ఎత్తితే షాఫ్టు కీలు వంకర ఎక్కువై గడగడమంటుంది. గట్టు 30 సెంటీమీటర్లుంటే గట్టు దాటేంత ఎత్తు చాలు. అంతకు మించి లేపాల్సి వస్తే పీటీఓ ఆపాలి.

దించడం గురించి చాలామందికి ఉన్న అపోహ ఒకటుంది. లివరు కిందికి తోస్తే హైడ్రాలిక్ నాగలిని నేలలోకి నొక్కుతుందని. నొక్కదు. సిలిండరు ఒకవైపే తోస్తుంది, పైకి. లివరు దించడమంటే నూనెకు దారి తెరవడమే, పనిముట్టు తన బరువుతో తాను దిగుతుంది. ఎండి గట్టిపడ్డ చౌడులో గొర్రు దిగకపోతే లివరు మీద ఎంత కోపం చూపినా లాభం లేదు. దాని మందు టాప్ లింకులో ఉంది.

టాప్ లింకు మధ్యలో తిప్పే గొట్టం, రెండు చివర్లా ఎదురెదురు మరలు. ఒక్కో మర దూరం 3 మి.మీ. అయితే ఒక చుట్టుకు లింకు 6 మి.మీ. తగ్గుతుంది. 460 మి.మీ. ఎత్తున్న పనిముట్టు దాంతో ముప్పావు డిగ్రీ ముందుకు వంగుతుంది. 60 సెంటీమీటర్ల వెనక అది 8 మి.మీ. లేవడంతో సమానం. నాలుగు చుట్లు తిప్పితే 3 డిగ్రీలు, 3 సెంటీమీటర్లకు పైన. నాగలి ముక్కు నేలను పట్టుకుని తనంతట తాను లోపలికి దిగుతుంది. మరీ బిగిస్తే ముక్కు మీదే నిలబడి మడమ లేస్తుంది, చాలు ఎగుడుదిగుడుగా వస్తుంది. ఒక్కో చుట్టు తిప్పి పది అడుగులు దున్ని చూసుకోవడమే పద్ధతి.

రెండో లివరు డ్రాఫ్ట్ కంట్రోల్. బ్రోచర్లలో ఏడీడీసీ అని కనిపించేది దీన్ని కలుపుకునే. చరిత్రలో చూస్తే ఇదే ముందు పుట్టింది. టీఈ20లో ఇదొక్కటే ఉండేది, ఎత్తు చెప్పే లివరు లేదు. పొజిషన్ కంట్రోల్ ఫోర్డ్ 8ఎన్‌తో 1947లో వచ్చింది, అప్పటికి ఫోర్డ్ కంపెనీ ఫెర్గూసన్‌తో తెగతెంపులు చేసుకుంది. మరుసటి ఏడు ఫెర్గూసన్ 25 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆయన ముందుగా కనిపెట్టిన లివరు మైపాడులో ఎందుకు ఎక్కువగా వాడరో అంకెల్లో చూద్దాం.

డ్రాఫ్ట్ అంటే నాగలి లాగడానికి పడే బలం. 25 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు చాలు తీస్తే కోసే మట్టి అడ్డకోత 375 చదరపు సెంటీమీటర్లు. ఇసుక నేలలో చదరపు సెంటీమీటరుకు పావు కిలో బలం చాలు, మొత్తం 94 కిలోలు. బరువైన జిగట నేలలో 0.7 కిలో దాకా పడుతుంది, 262 కిలోలు. గంటకు 3.6 కిలోమీటర్ల వేగంతో 262 కిలోలు లాగడానికి మూడున్నర హెచ్‌పీ చాలు. 24 హెచ్‌పీ బండికి అదెంత? కానీ అదే చాలులో చక్రాలు తిరిగినచోటే తిరిగి గుంట తవ్వడం చూస్తుంటాం. ఇంజనుకు శక్తి ఉంది, నేల మీద పట్టు లేదు. తడి జిగటలో బండి తన బరువులో మూడో వంతు లాగితే గొప్ప, మన నమూనా బండికి 280 కిలోలు. లోతు 20 సెంటీమీటర్లు పెడితే కావలసింది 350. బండి నిలబడిపోతుంది.

డ్రాఫ్ట్ కంట్రోల్ సరిగ్గా ఇక్కడికోసం. నాగలికి నేల అడ్డం వచ్చినప్పుడు పనిముట్టు కింది బిందువుల చుట్టూ ముందుకు తిరగబోయి టాప్ లింకును బండి వైపు నొక్కుతుంది. టాప్ లింకు బిగించిన చోట ఒక లావాటి స్ప్రింగు ఉంటుంది. అది నొక్కుకుంటే వాల్వు తెరుచుకుని నాగలి కాస్త లేస్తుంది, బలం తగ్గితే స్ప్రింగు తిరిగొస్తుంది, నాగలి దిగుతుంది. 280 కిలోల దగ్గర లివరు పెడితే 20 సెంటీమీటర్ల లోతున్న నాగలి తానుగా 16కు వచ్చి ఆగుతుంది. బండి ఆగదు.

ఇంకో లాభం కూడా ఉంది, ఫెర్గూసన్ పేటెంటు అసలు గుట్టు అదే. లేపబోయేటప్పుడు నాగలి బరువూ దాని మీద పడ్డ మట్టి బరువూ లింకులకు వేలాడతాయి. ఆ రెండూ కలిపి 180 కిలోలనుకుంటే, ముందు చెప్పిన తూకంలో వెనక ఇరుసు మీద 324 కిలోలు పెరుగుతాయి, ముందు 144 తగ్గుతాయి. 510 కిలోలున్న వెనక చక్రాలు 834 దాకా పోతాయి. ఇనుప బిళ్ల ఒక్కటి కొనకుండా వచ్చిన పట్టు ఇది. లింకులు ఎంత భాగం మోస్తే అంతే వస్తుందనుకోండి, అయినా చిన్నది కాదు.

ఇక ఇసుకలోకి వద్దాం. స్ప్రింగుకు తెలిసేది నేల బలం ఒక్కటే కాదు, నాగలి బరువు కూడా. కింది బిందువులు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, మట్టి బలం 10 సెంటీమీటర్ల లోతున పడుతుంటే, జిగట నేలలో 262 కిలోల డ్రాఫ్టు టాప్ లింకును 228 కిలోలతో నొక్కుతుంది. వంద కిలోల నాగలి వెనక్కి వేలాడి అదే లింకును 130 కిలోలతో లాగుతుంది. మిగిలిన నొక్కుడు 98 కిలోలు, స్ప్రింగు కదలడానికి చాలు. ఇసుకలో 94 కిలోల డ్రాఫ్టుకు నొక్కుడు 82, లాగుడు 130. అంటే స్ప్రింగు నొక్కుకోవడం పోయి సాగుతుంది. నొక్కుడొక్కటే తెలిసే స్ప్రింగైతే దానికి అక్కడ నేలే లేదన్నట్టు ఉంటుంది.

రెండు వైపులా పనిచేసే స్ప్రింగైనా ఇబ్బంది తీరదు. కాలువ దగ్గరి పొలాల్లో ఒకే మడిలో జిగట చెక్క, ఇసుక చెక్క పక్కపక్కనే ఉంటాయి. జిగటలో 15 సెంటీమీటర్లకు సరిచేసిన డ్రాఫ్ట్ లివరు ఇసుక చెక్కలోకి రాగానే అదే 262 కిలోల బలం వెతుక్కుంటూ కిందికి పోతుంది. అంత బలం దొరకాలంటే 42 సెంటీమీటర్లు దిగాలి. అంత దిగదు, ఏదో ఒకచోట తట్టుకుని ఆగుతుంది, కానీ మెత్తటి చోట లోతుగా, గట్టి చోట పైపైన దున్నిన మడి తయారవుతుంది. వేసవి లోతు దుక్కిలో అది పెద్ద నష్టం కాదు. విత్తనం పడే దుక్కిలో మాత్రం నష్టమే.

రోటవేటరుకైతే డ్రాఫ్ట్ లివరుతో పనే లేదు. దాని కత్తులు బండి నడిచే దిక్కులోనే తిరిగి నేలను వెనక్కి తన్ని బండిని ముందుకు తోస్తాయి. లాగుడే లేని చోట లాగుడు కొలిచి ఏం లాభం? దమ్ములోనూ, గుంట అడుగులోనూ, సరుగుడు వరసల్లోనూ ఎక్కువ పని రోటవేటరుదే, గొర్రుదే కాబట్టి ఇక్కడ డ్రాఫ్ట్ లివరు పక్కన పెట్టి పొజిషన్‌తో నడిపే డ్రైవరు తెలియక చేస్తున్నాడనుకోకూడదు. ఆ లివరుకు మడి ఆరాక ఇందుకూరుపేట వైపు జిగటలో రెక్క నాగలి వేసే రోజున పని పడుతుంది. రెక్క నాగలే తగిలించని బండికి దాని కోసం ఎక్కువ పెట్టి కొనడం దండగ అని నా అభిప్రాయం. ఓజాలో కొన్ని బండ్లకు ఇదే పనిని ఎలక్ట్రానిక్‌గా చేసే ఏర్పాటు వచ్చింది. స్ప్రింగుకు బదులు వేరేది కొలిచినా, ఇసుకలో లాగుడు తక్కువన్న సంగతి మారదు.

టాప్ లింకు బిందువు గురించి సరుగుడు తోటల వాళ్లకు ఒక మాట. చెట్లు కొట్టాక మొద్దులు పీకడానికి గొలుసును టాప్ లింకు తగిలించే చోట వేస్తారు, ఎత్తుగా ఉంటే మొద్దు పైకి లేస్తుందని. ఆ బిందువు వెనక ఇరుసు కన్నా ఎత్తున ఉంటుంది. ఇరుసుకు 25 సెంటీమీటర్ల పైన 400 కిలోల లాగుడు పడితే, 1.5 మీటర్ల అవతల ముందు ఇరుసు మీద బరువు, ఇరుసు ఎత్తులోనే లాగినప్పటికన్నా 67 కిలోలు ఎక్కువగా తగ్గుతుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలితే అది కొన్ని రెట్లవుతుంది. 1917లో ఫెర్గూసన్ ముందున్న ప్రమాదాన్ని ఆయన కనిపెట్టిన బిందువుకే గొలుసు కట్టి మళ్లీ తెచ్చుకోవడం అది. గొలుసు ఎప్పుడూ ఇరుసు కన్నా కిందనున్న డ్రాబారుకే.

సీటు కింద ముందువైపు ఉండే చిన్న నాబు దించే వేగానికి. బిగిస్తే నెమ్మదిగా దిగుతుంది, పూర్తిగా బిగిస్తే లేపిన పనిముట్టు అలాగే నిలుస్తుంది. రోడ్డు మీద పోయేటప్పుడు పూర్తిగా బిగించాలి. లేపిన రోటవేటరు కిందికి దూరి కత్తులు మార్చేటప్పుడు మాత్రం నాబును నమ్మకూడదు. కింద దుంగలు పెట్టాకే చెయ్యి పెట్టాలి.

బుద్నీ పరీక్షలో బరువు లేపి, ఐదు నిమిషాలకోసారి ఎంత దిగిందో కొలుస్తూ అరగంట చూస్తారు. ఇంటి దగ్గరా చేసుకోవచ్చు. రోటవేటరు లేపి, ఇంజను ఆపి, లింకు చివర నుంచి నేలకు టేపు పెట్టి కొలిచి, అరగంటాగి మళ్లీ కొలవడం. వాల్వు దగ్గరో సీలు దగ్గరో సెకనుకు ఒక చుక్క నూనె జారుతుంటే అరగంటలో 1,800 చుక్కలు, చుక్కలు ఇరవై ఒక మిల్లీలీటరు అనుకుంటే 90 మి.లీ. 300 మి.లీ.కి 55 సెంటీమీటర్లు లేచే లింకు 90కి పదహారున్నర సెంటీమీటర్లు దిగుతుంది. ఇంజను నడుస్తుండగా ఇది కంటికి కనపడదు, దిగిన కాస్తా పొజిషన్ కంట్రోల్ వెంటనే లేపేస్తుంది కాబట్టి. కాకపోతే లేపి ఉంచిన పనిముట్టు కొన్ని సెకన్లకోసారి ఉలిక్కిపడ్డట్టు కొద్దిగా ఎగురుతుంది. బయట ఎక్కడా నూనె మరక లేకుండా ఇలా ఎగురుతుంటే జారుడు లోపలే. పిస్టను సీలు, కంట్రోలు వాల్వు చూపించాలి. డిప్‌స్టిక్ తీసినప్పుడు నూనె పాలరంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు. దమ్ము నీళ్లయినా గుంట ఉప్పునీళ్లయినా అప్పుడు నూనె పూర్తిగా మార్చి జల్లెడ కడగాలి. పైన కొత్త నూనె కలిపి సరిపెట్టుకుంటే తర్వాత మార్చాల్సింది పంపే.